చెలమకు ఎగువన పారబోసిన ఊట

సారా కోసం పులియబెట్టిన బెల్లం ఊట నిండిన బానలోకి మోచేతి దాకా చేయి దించి, అడుగున ఏమున్నదో తడిమి చూడవలసి ఉంటుందని నా నియామకపు ఉత్తర్వులో ఎక్కడా రాయలేదు. ఆ ఉత్తర్వు ఇప్పటికీ నా దగ్గర ఉన్నది. ఒకటిన్నర పేజీ, పదకొండు షరతులు. సెలవులు, ప్రయాణపు బత్తెం, నడవడిక, అన్నీ ఉన్నాయి. చేయి సంగతి లేదు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాది, మద్యనిషేధం అమలు చూసే ఒక చిన్న కచేరీలో గుమాస్తాగా చేరాను. ప్రొద్దుటూరు, పులివెందుల, మళ్లీ ప్రొద్దుటూరు. ఉద్యోగమంతా ఆ రెండు ఊళ్ల మధ్యనే గడిచింది. మా ఇంట్లో తాతగారిది పౌరోహిత్యం, నాయనది బడిపంతులు పని. సారా వాసన ఎట్లుంటుందో ఇరవై మూడేళ్లు వచ్చేదాకా నాకు తెలియదు. ఆ తరువాత ఆ వాసన లేకుండా ఇంటికి వచ్చిన దినాలు తక్కువ. స్నానం చేసినా గోళ్ల సందుల్లో ఉండేది. అన్నం కలుపుకునేటప్పుడు పైకి లేచేది. అందువల్ల కొంతకాలం చెంచాతో తిన్నాను. మా ఇంట్లో అదొక వింత.

జ్ఞాపకాన్ని నేను నమ్మను. జ్ఞాపకం తనకు అనుకూలమైనది దాచుకుంటుంది. నా డైరీలు పందొమ్మిది ఉన్నాయి. ఏ దినం ఎన్ని గంటలకు, ఎన్ని బానలు, ఎన్ని గ్యాలన్లు, సాక్షులెవరు, అన్నీ అందులో ఉన్నాయి. ఈ సంగతి జరిగిన తేదీ కూడా ఉన్నది. ఇక్కడ వేయను. వేస్తే ఊరివాళ్లు మనిషిని పోల్చుకుంటారు. కొలతలు మాత్రం ఉన్నవి ఉన్నట్లు రాస్తాను.

మొదట కచేరీ సంగతి చెప్పాలి. అసహ్యం అక్కడ మొదలైంది, ఏటి ఒడ్డున కాదు. పట్టుకున్న సారాలో కొంత సీసాలకు పోసి, బిరడా బిగించి, లక్క ముద్ర వేసి, కోర్టు కోసం బీరువాలో పెట్టేవాళ్లం. సీసాకు కాగితపు పట్టీ అంటించి, సారా ఎంతవరకు ఉన్నదో దాని మీద పెన్సిలుతో గీత గీయడం నా అలవాటు. ఇరవై దినాల తరువాత చూస్తే గీతకు రెండు వేళ్లు కింద ఉండేది. ముద్ర చెక్కుచెదరలేదు. జవానును అడిగితే, "ఎండలకు ఆవిరైపోయింటాది సామీ, ఈ తూరి ఎండలు శానా గదా" అన్నాడు. అదే కొలత సీసాలో మంచినీళ్లు పోసి, అదే ముద్ర వేసి, దాని పక్కనే పెట్టాను. ఇరవై దినాలకు నీళ్లు వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. చివరికి బీరువా వెనక పశువులకు మందు ఎక్కించే సూది ఒకటి దొరికింది. జవాన్లు బిరడాలోంచి గుచ్చి పీల్చేవాళ్లు. గొడ్డుకు వాడిన సూది అది. దానిని కడిగేవాళ్లా అని నేను అడగలేదు. ఆ సారాలో ఏమేమి తేలిందో కళ్లారా చూసినవాళ్లే దాన్ని తాగారు. ఆనాటి నుంచి నా చేతి రాత మీద తప్ప మరి దేని మీదా నాకు గురి లేకపోయింది. దాని ఫలితం చెప్పడానికే ఇదంతా.

జమ్మలమడుగుకు దిగువన పెన్నేరు ఎండాకాలంలో రెండు పాయలుగా చీలి, నడుమ ఒక ఇసుక దిబ్బను వదిలిపెడుతుంది. అడుగులతో కొలిచాను. పొడవు తొంభై గజాలు, వెడల్పు ఎక్కువ ఉన్నచోట యాభై ఐదు. ఎడమ పాయ పూర్తిగా ఎండి ఉంటుంది, కుడి పాయలో మడమ లోతు నీళ్లు పారతాయి. దిబ్బ ఎగువ కొస చదునుగా ఉంటుంది. దిగువ కొస వాలుగా, జమ్ము పెరిగి, మనిషి కూర్చుంటే కనపడకుండా ఉంటుంది. సారా బట్టీ అక్కడ ఉన్నదని మాకొక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది.

వైశాఖ మాసం, ఉదయం ఆరుంపావుకు దిబ్బ చేరాము. మేము ఆరుగురము. గుంటూరు వైపు నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన ఇన్స్పెక్టరు, ఇద్దరు జవాన్లు, నేను, ఇద్దరు పంచాయితీదారులు. పంచాయితీదారులంటే, పట్టుబడి వివరాలు రాసే మహజరు మీద సాక్షి సంతకం చేసే పెద్దమనుషులు. వాళ్లలో ఒకాయన జమ్మలమడుగులో అంగడి ఉన్న వర్తకుడు. రెండో ఆయనకు చెవుడు. సంతకం చక్కగా చేస్తాడు.

బట్టీవాడు పారిపోలేదు. యాభై ఏళ్ల మనిషి, పొయ్యి ముందర గొంతుక్కూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు. పొయ్యి మీద కుండ, దాని మీద ఇంకో కుండ, సందుకు మట్టి మెత్తిన గుడ్డ, పక్కకు వెదురు గొట్టం. గొట్టం కొస నుంచి చుక్కలు పడుతున్నాయి. నిమిషానికి నలభై నాలుగు చుక్కలు.

ఇన్స్పెక్టరు మాటకారి. గొట్టం కింద ఉన్న సీసా ఎత్తి ఎండకు చూసి, "ఏమయ్యా, దొరల దేశంలో కూడా నీలాగే ఒక చిన్న దీవిలో కాస్తారట, తెలుసా? బార్లీ మొలకెత్తించి, దానికి మట్టిగడ్డలు కాల్చిన పొగ పట్టించి, రాగి బట్టీలో రెండుసార్లు దించి, చెక్క పీపాల్లో పన్నెండేళ్లు నిద్రపుచ్చుతారట. తాగడానికి పర్మిటు ఉన్న ఒక పెద్దమనిషి ఇంట్లో సీసా మీద చదివాను" అన్నాడు.

"పన్నెండేండ్లా!" అన్నాడు బట్టీవాడు. "పన్నెండు గంటలు ఆపితే నన్నే ఈ కుండలో ఏసి కాస్తారు దొరా. ఈడ తాగేవోనికి అంత ఆయుసు యాడుండాది?"

వర్తకుడు పైపంచె కొంగుతో ముక్కు మూసుకుని నాలుగు గజాల దూరాన నిలబడి ఉన్నాడు. బట్టీవాడు ఆయన వైపు తిరిగి, "మామా, అంత గట్టిగ మూసుకోవాకు, ఊపిరాడక పోతావు. బెల్లం నీ అంగట్లోదే గదా" అన్నాడు.

"నేను బెల్లం అమ్ముతా. కొన్నోడు పాయసం వండుకుంటాడో పాడె కట్టించుకుంటాడో నాకేం ఎరుక?" అన్నాడు వర్తకుడు, కొంగు తీయకుండానే.

జమ్ములో, గుంటల్లో దాచిన బానలు పదిహేడు దొరికాయి. మూడు ఒట్టివి, పద్నాలుగింటిలో ఊట. దిగువ కొస వాలు నేల. అక్కడ బానను నిలబెట్టి కొలిస్తే ఒకవైపు ఒరిగి లెక్క తప్పుతుంది. అందుకని అన్నింటినీ చదునుగా ఉన్న ఎగువ కొసకు మోయించి, ఏడేసి చొప్పున రెండు వరుసలు పెట్టించాను. అది నా ఆజ్ఞ. ఇన్స్పెక్టరుది కాదు.

తరువాత గ్యాలను డబ్బాతో తోడి తోడి కొలిచాము. రెండువందల నలభై ఏడు గ్యాలన్లు. ఇప్పటి లెక్కన పదకొండువందల లీటర్ల పైమాట. పైన పసుపుపచ్చని నురగ, కింద తుమ్మచెక్క, నవసారం, కుళ్లిన అరటిపండ్ల తొక్కలు. నురగ పగిలినప్పుడల్లా ముఖం పక్కకు తిప్పుకునేవాణ్ణి. మూడో బానలో బల్లి. తొమ్మిదో బానలో రెండు ఎలుకలు. ఒకదానికి బొచ్చు మొత్తం ఊడిపోయి, ముట్టుకుంటే వేళ్లకు అంటింది. పదకొండో బాన అడుగున ఒక గోనెసంచి ముక్క తగిలి, దానిని లాగితే ఇంకా ఏదో వచ్చింది. అదేమిటో డైరీలోనే రాయలేదు, ఇక్కడా రాయను. వెళ్లి ఇసుకలో కక్కుకుని, నోరు కడుక్కుని, మళ్లీ వచ్చి మహజరు రాశాను. నాలుగు ప్రతులు, కార్బన్ కాగితాలు పెట్టి, గట్టిగా అదిమి రాయాలి. "దిబ్బ యొక్క ఎగువ కొసన కొలిచి, అదే స్థలమందు పంచాయితీదారుల సమక్షమున పారబోసి ధ్వంసము చేయడమైనది" అని ముగించి, సంతకాలు కూడా చేయించాను. పారబోయడం ఇంకా కాలేదు. సంతకాలు ముందు తీసుకోవడం మా కచేరీలో వాడుక. సాక్షులు ఎండలో నిలబడలేక వెళ్లిపోతారు కదా.

అప్పుడు వచ్చింది ఆమె. నలభై దాటిన మనిషి, నెత్తిన ఒక కుండ, చంకన ఒక కుండ. జమ్మలమడుగులో వర్తకుడు ఉండే వీధి బావులన్నీ ఉప్పునీళ్లు, ఆ నీళ్లకు కందిపప్పు ఉడకదు. అందుకని ఉన్నంతలో బాగా బతికే ఏడు ఇళ్లకు ఈమె ఏటి నీళ్లు మోసేది. అదే ఆమెకు బతుకుదెరువు. దిబ్బ నడుమ, కుడి పాయ ఒడ్డున ఆమె తవ్వుకున్న చెలమ ఉన్నది. ఇసుకలో రెండు మూరల లోతు గుంట. దినమూ వచ్చి పాతనీళ్లన్నీ ముంతతో తోడి పారబోస్తే, కొత్తనీళ్లు పక్కల నుంచి అద్దంలా ఊరేవి. ఆ ఏడు ఇళ్లలో వర్తకుడి ఇల్లు ఒకటి.

బానల వరుసలు చూసి ఆమె కుండలు దించింది. "ఏంది సామీ ఇది? ఈడ పెట్టినారేంది?"

"పారబోయాల" అన్నాను.

"అయ్యో, ఈడ పొయ్యాకండి సామీ! కింద నా చెలమ ఉండాది."

నేను అప్పటికే కొలిచి ఉన్నాను. "ముప్పై ఆరు గజాల దూరముండాది గదమ్మా. నడుమ అంతా ఇసకే. ఇసక వడగడుతుంది" అన్నాను. బడిలో చదివిన పాఠమే. కుండలో ఇసుక, బొగ్గు పొరలుగా పోసి మురికినీళ్లు తేట చేసే బొమ్మ కూడా నా కళ్ల ముందు కనబడింది.

"ఇసక వడగట్టేది మట్టిని సామీ, వాసనను గాదు. ఎగువ చెయ్యి కడిగితే దిగువ నోట్లోకొస్తాది. మా ఊర్లో పిల్లోల్లకు గూడ తెలుసు. గొడ్డును కడిగినా, గుడ్డ ఉతికినా చెలమకు దిగువే."

బట్టీవాడు లేచి నిలబడ్డాడు. వాడి ముఖంలో అంతవరకు లేని బెదురు కనిపించింది. "అయ్యా, ఆ యమ్మ చెప్పేది నిజం. పదేండ్లుగా కాస్తాండా ఈడ. ఒగ ముంత మడ్డి గూడ ఎగువ పొయ్యలా. బట్టీ ఆ కొసన ఎందుకు పెట్టుకుంటి అనుకుంటివి? మీ జవాన్లు మొయ్యకపోతే నేనే మోస్తా దిగువకు. చేతులు కట్టినా మోస్తా."

ఇన్స్పెక్టరు గడియారం చూసుకుని, "పోనీలెండి గుమాస్తా గారూ, వాడే మోస్తానంటున్నాడుగా. అరగంట పని" అన్నాడు.

ఇక్కడ ఒక్క మాట చాలేది. నేను అనలేదు. మహజరులో ఎగువ కొస అని రాసి ఉన్నది. సంతకాలు అయిపోయాయి. దిగువన పారబోస్తే నాలుగు ప్రతులూ చించి మళ్లీ రాయాలి, లేదా కొట్టివేసి పక్కన పొడి సంతకాలు పెట్టాలి. కొట్టివేత ఉన్న మహజరును కోర్టులో వకీళ్లు చీల్చి చెండాడుతారు. నా మహజరులో అంతవరకు ఒక్క కొట్టివేత కూడా లేదు. ఈ మాటే ఇన్స్పెక్టరుకు చెప్పాను. వాళ్లు దొంగసారా కాసేవాళ్లు, వాళ్ల మాట మీద రికార్డు మారుస్తామా అని కూడా అన్నాను. నీళ్లు మోసే ఆమెను కూడా ఆ "వాళ్ల"లో కలిపివేశాను.

ఇన్స్పెక్టరు భుజాలు ఎగరేసి చుట్ట ముట్టించుకున్నాడు. ఆమె వర్తకుడి వైపు తిరిగి, "అప్పా, నువ్వన్నా చెప్పు. నీ ఇంట్లో తాగే నీళ్లే గదా" అన్నది. ఆయన కొంగు ముక్కు మీద పెట్టుకునే, "గవర్మెంటు పని, నాదేముండాది" అన్నాడు.

జవాన్లు ఒక్కొక్క బానే ఒరగదోశారు. ఊట ఇసుక మీద పడి, నురగ చిమ్మి, కొంచెం దూరం పారి ఇంకిపోయింది. ఇసుక పైన తుమ్మచెక్క, తొక్కలు, ఎలుకలు, బల్లి మిగిలాయి. పద్నాలుగు బానలకు ఇరవై రెండు నిమిషాలు పట్టింది. ఆ ఇరవై రెండు నిమిషాలూ ఆమె పరుగులోనే ఉన్నది. చెలమలోంచి కుండలు ముంచుకుని, ఒడ్డున ఒక పాత తొట్టి ఉంటే దానిలో పోసి, మళ్లీ పరుగున వచ్చి ముంచుకుని పోయింది. మంచినీళ్లు ఉన్నంతలో దక్కించుకోవాలని. తొమ్మిదిసార్లు వచ్చింది. నేను లెక్కపెట్టాను. లెక్కపెట్టడం తప్ప మరేమీ చేయలేదు.

పదహారో దినాన కోర్టు సమన్లు ఇవ్వడానికి జమ్మలమడుగు పోవలసి వచ్చి, దిబ్బ మీదికి నడిచాను. ముప్పై గజాల దూరంలోనే వాసన తగిలింది. ఎగువ కొసన ఇసుక నల్లబడి, పుండు మీద పక్కులాగా గట్టిపడి ఉన్నది. ఈగలు. చెలమలో నీళ్ల మీద నూనె తెట్టులాగా ఒక పొర, అంచున సన్నని పసుపు నురగ. దానికి కింద ఆమె ఇంకో నాలుగు చెలమలు తవ్వి ఉన్నది. ఎనిమిది గజాలకొకటి, చివరిది దిబ్బ దిగువ కొసన, ఒకప్పుడు బట్టీ ఉన్న చోటుకు దగ్గరగా. నాలుగింటిలోనూ వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. పుట్టి బుద్ధెరిగి సారా ముట్టని నా నోటికి మొదటిసారి ఆ రుచి తెలిసింది నేను పారబోయించిన దానిలోనే. పుల్లగా, చేదుగా, చచ్చినదేదో నానినట్లు. ఉమ్మివేసినా పోలేదు. సాయంత్రం ప్రొద్దుటూరు బస్సులో కూడా పోలేదు.

ఆమె ఇంకొంచెం కిందికి, కొత్తవాటిలో ఐదో చెలమ తవ్వుతున్నది. నన్ను చూసి ఆగలేదు.

"ఇండ్లకు నీళ్లు పోస్తాండావా?" అని అడిగాను.

"మొన్నటిదాక పోస్తి. మీతో వచ్చినాయన లేడా, ఆయన ఇంట్లో ఆయమ్మ కుండలో ముక్కు పెట్టి, 'ఏమ్మే, నువ్వు గూడ కాస్తాండావా?' అనె. అందరూ నవ్విరి. ఆ మాట వీధంతా పాకె. మన్ను కుండలు సామీ, వాసన పట్టుకుంటే వదలదు. కొత్త కుండలు తెస్తి. అయినా వద్దనిరి. ఇప్పుడు బండి మీద పీపాయి పెట్టుకోని ఎవడో బావినీళ్లు తెస్తాండాడు. పప్పు ఉడకదు. అయినా దానికే ఒప్పుకున్యారు."

వానలు పడితే ఏరు అంతా కడిగేస్తుందన్నాను. "వాన వచ్చేదాక ఎవరైనా తాగకుండ ఉంటారా?" అన్నది.

కోర్టులో మహజరుకు మెప్పు దొరికింది. కొట్టివేతలు లేని పత్రం చాలా అరుదని మేజిస్ట్రేటు అన్నారు. బట్టీవానికి శిక్ష పడింది. పడవలసిందే. వాడి బానలో నా చేయి పెట్టినవాణ్ణి, వాని మీద నాకు జాలి లేదు. కాని బోనులోంచి వాడొక మాట అడిగాడు. "నేను తాగేవోనికి పోస్తి. తాగనోల్ల నీళ్లల్లో పోసినోనికి ఏం శిక్ష సామీ?" అది ఈ కేసులోని అంశం కాదన్నారు. నిజమే, కాదు. నేను తల దించుకుని కాగితాలు సర్దుకున్నాను.

భాద్రపదం చివర పెన్నేరు వచ్చింది. దిబ్బ మునిగింది. నీళ్లు తగ్గినాక చూస్తే ఎగువ కొస ఇసుక తెల్లగా, కొత్తగా ఉన్నది. ఆమె మళ్లీ చెలమ తవ్వింది. నేను ఒక దినం సెలవు పెట్టి, ఆ నీళ్లు సీసాలో పట్టి చూశాను. వాసన లేదు. తాగాను, తియ్యగా ఉన్నాయి. సారా బలం కొలిచే గాజు గొట్టం వేసి చూశాను. సున్నా. ఈ మూడు పరీక్షలూ కాగితం మీద రాసి, కింద సంతకం చేసి, ఆమెను వెంటబెట్టుకుని ఏడు ఇళ్లకూ పోదామని బయలుదేరాను. అంకె చూపిస్తే మనుషులు నమ్ముతారని నాకు గట్టి నమ్మకం.

మొదటిది వర్తకుడి ఇల్లు. ఆయన అంగడికి పోయి ఉన్నాడు. భార్య గడప లోపలే నిలబడి అంతా విన్నది. సీసాలో గాజు గొట్టం తేలించి సున్నా గీత చూపించాను.

"మంచిది సామీ" అన్నదావిడ. "మీ గాజు గొట్టం తాగుతాదా? తాగేది మేము గదా."

నేను నేర్పుగా చెప్పబోయాను. అప్పుడు ఎన్ని గ్యాలన్లు పోసినది, ఎన్ని గజాల ఇసుక, ఏరు ఎన్ని దినాలు పారినది, ఆ ఊట ఎంత పలుచబడి ఉండాలి, అన్నీ వరుసగా చెప్పుకుంటూ పోయాను. ఎలుకల దాకా వచ్చేటప్పటికి ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. పక్కింటి అరుగు మీద ఇద్దరు ఆడవాళ్లు చేరి వింటున్నారు. ఒకామె, "థూ, ఎలకలు గూడనా! ఈ సంగతి మాకు తెలియనే తెలియదే" అన్నది.

నా వెనక నుంచి నీళ్లు మోసే ఆమె మెల్లగా అన్నది: "చాల్లే సామీ, పదండి. మీరు చెప్పేకొద్దీ వాళ్లకు వాసన ఎక్కువైతాండాది."

ఏడు ఇళ్లలో ఒక ఇంటికే పోయాము. ఆ కార్తీకంలో ఆమె పులివెందుల వైపు శనక్కాయలు ఒలిచే కూలికి పోయిందని తరువాత తెలిసింది.